బండి వెనక కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టాలి? గువ్వలచెరువు ఘాట్ దాటే అమ్మాయికి

అమ్మా, మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో రాస్తాను, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కదా. వారం వారం కడప నుంచి రాయచోటికి, పుట్టింటికి, గువ్వలచెరువు ఘాట్ అనే కొండదారి మీదుగా మీ ఆయన బండి మీద వెళ్తున్నారు. భుజాలు పట్టుకుంటే ఆయన "హ్యాండిల్ లాగేసినట్టుంది, వద్దు" అంటున్నారు. వెనక రాడ్డు పట్టుకుంటే ఘాట్ దిగేసరికి మీకు మణికట్లు, రెక్కలు గుంజుతున్నాయి. మీ ఇద్దరి మధ్యలో మూడేళ్ల పాప. ఇక ఊళ్లో తిరిగేటప్పుడు మీ అత్తమ్మ చీరలో ఒకపక్కకు కూర్చుంటారు, ఆమెకు ఎక్కడ పట్టుకోమని చెప్పాలో తెలియడం లేదు.

నేను కడపలో ఆడవాళ్లకు స్కూటీ, బైకు నేర్పుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లను హ్యాండిల్ పట్టించకముందు వెనక సీట్లో కూర్చోబెడతాను. వెనక కూర్చోవడం ఎవరూ నేర్పరు. పెళ్లయిన మర్నాడే బండెక్కి కూర్చోమంటారు. ఎట్లా కూర్చోవాలో, ఏం పట్టుకోవాలో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

మీ ఆయన చెప్పింది నిజం. మీ చేతులు నొప్పి పుట్టడమూ నిజం. బండి మనల్ని ఒకే వైపుకు లాగదు, అదీ సంగతి. యాక్సిలరేటర్ తిప్పితే ఒళ్లు వెనక్కి పోతుంది. బ్రేకు వేస్తే ముందుకు పడుతుంది. గుంతో స్పీడ్ బ్రేకరో వస్తే పైకి లేస్తుంది. ఈ మూడింటినీ ఆపే ఒకే ఒక్క పట్టు ఏ బండి మీదా లేదు. భుజాలా, రాడ్డా అని అడిగితే, బండి అప్పుడు ఏం చేస్తోందో దాన్ని బట్టి చెప్పాలి.

అన్నిటికన్నా ముందు కాళ్ల సంగతి. చాలామంది వెనక కూర్చుని కాళ్లను ఊరికే ఫుట్‌రెస్టుల మీద ఆనించి వదిలేస్తారు, భారమంతా చేతుల మీద వేస్తారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. అంత వేగంలో కుక్క అడ్డం వచ్చి గట్టిగా బ్రేకు పడితే, 60 కిలోల మనిషిని ముందుకు తోసే బలం దాదాపు 30 కిలోల బరువుకు సమానం. దాన్ని వేళ్లతో ఆపలేం. తొడలతో, పాదాలతో ఆపగలం. రెండు మోకాళ్ల లోపలి వైపును మీ ఆయన తుంటికి రెండు పక్కలా ఆనించి కొంచెం బిగించండి. పాదాలను మధ్యభాగం ఫుట్‌రెస్టు మీద ఉండేటట్టు పెట్టి, కిందికి నొక్కి ఉంచండి. మామూలుగా పోతున్నప్పుడు కొంచెం బిగువు చాలు. బ్రేకు పడుతుందని తెలిసిన క్షణంలో ఇంకా బిగించండి. ఇది అలవాటైతే చేతుల పని సగానికి సగం తగ్గుతుంది.

ఇప్పుడు భుజాలు ఎందుకు కూడదో చెబుతాను. నడిపే మనిషి భుజం నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి హ్యాండిల్, హ్యాండిల్ నుంచి ముందు చక్రం. భుజం మీద పడిన బరువు చక్రం దాకా పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట నమ్మరు. అందుకని గ్రౌండులో ఒక పని చేస్తాను. ఆమెను స్కూటీ వెనక కూర్చోబెట్టి, రెండు చేతులూ నా భుజాల మీద వేయించుకుని, 20 వేగంలో పోతూ, ముందే చెప్పి బ్రేకు వేస్తాను. ఆమె అరచేతుల బరువంతా నా మీదికి వస్తుంది. నా మోచేతులు బిగుసుకుంటాయి. ముందు చక్రం అటొకసారి ఇటొకసారి ఊగి ఆగుతుంది. ఆ ఊగడం ఆమె నా భుజం మీదుగా తన కళ్లతోనే చూస్తుంది. ఆ తర్వాత మోకాళ్లు బిగించి, చేతులు నా నడుము దగ్గర పెట్టమని అదే వేగంలో మళ్లీ బ్రేకు వేస్తాను. ఈసారి చక్రం తిన్నగా ఆగుతుంది. 20 వేగంలోనే అంత తేడా ఉంటే ఘాట్ మలుపులో ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. ఒక్క భుజమే పట్టుకుంటే మరీ ప్రమాదం, ఎందుకంటే బండి ఆ పక్కకే తిరుగుతుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పోతూ యూ టర్న్ తీసుకునే చోట భుజం లాగితే బండి అక్కడే పడిపోతుంది. కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఇట్లా పడి లేచినవాళ్లను నేనే చూశాను.

వెనక రాడ్డు మంచిదే, కానీ అది ఒళ్లు వెనక్కి పోకుండా ఆపడానికి. బండి ఎత్తుకు ఎక్కేటప్పుడు, సిగ్నల్ పడగానే కదిలేటప్పుడు, లారీని దాటడానికి వేగం పెంచేటప్పుడు రాడ్డును మించింది లేదు. బ్రేకు పడ్డప్పుడు మాత్రం రెండు చేతులూ వీపు వెనక ఉండి, ఒళ్లు ముందుకు పోతే, భారమంతా రెక్కల కీళ్ల మీద పడుతుంది. మీకు నొప్పి పుట్టేది అందుకే. రాయచోటి నుంచి కడపకు దిగేటప్పుడు వాలు ఒకపక్క, బ్రేకులు ఒకపక్క మిమ్మల్ని ముందుకే తోస్తుంటాయి. ఘాట్ పొడుగునా ఆ తోపును వెనక్కి పెట్టిన చేతులతో ఆపుకుంటూ వస్తే గుంజక ఏం చేస్తాయి?

కాబట్టి ఎక్కేటప్పుడు ఒక పట్టు, దిగేటప్పుడు ఇంకో పట్టు. కడప నుంచి ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఒక చెయ్యి వెనక రాడ్డు మీద గట్టిగా, ఇంకో చెయ్యి ఆయన నడుము పక్కన. దిగేటప్పుడు రెండు అరచేతులూ ఆయన తుంటి ఎముకల మీద, బెల్టు ఉండే చోట. పట్టు ఎంత కిందికి ఉంటే అంత మంచిది. పొట్ట చుట్టూ చేతులు వేసి వేళ్లు పెనవేయొద్దు. బ్రేకు పడితే పొట్ట నొక్కుకుని ఆయనకు ఊపిరి ఆడదు, వెనక్కి ఒరిగితే ఆయనను కూడా లాక్కుపోతారు. చొక్కా పట్టుకోవడమూ పట్టు కాదు, గుడ్డ సాగుతుంది, మీరు జారతారు. ఆయన వీపుకు బ్యాగు ఉంటే దాన్ని అసలు పట్టుకోవద్దు.

చేతులు పొడుగున్నవాళ్లు ఇంకొకటి చేయొచ్చు. దిగుడులో ఒక అరచేతిని ఆయన నడుము పక్కగా ముందుకు చాచి పెట్రోల్ ట్యాంకు వెనక అంచుకు ఆనించండి. బ్రేకు పడ్డప్పుడు ఒంటి బరువు ఆయన మీద పడకుండా బండి మీదే పడుతుంది. అయితే గడ్డం ఆయన వీపుకు తగలకుండా చెయ్యి ట్యాంకుకు అందితేనే. అందకపోతే వదిలేయండి. స్కూటీకి ఈ అవకాశం లేదు. దాని సీటు నున్నగా, సమంగా ఉంటుంది, బ్రేకు పడితే మనిషి ముందుకు జారుతుంది. అందుకని స్కూటీ మీద కాళ్ల బిగువు ఇంకా ముఖ్యం. వెనక ఫుట్‌రెస్టులు మడత పెట్టి ఉంటాయి, కూర్చునే ముందు వాటిని తెరుచుకోవడం మరిచిపోవద్దు.

నడుము పట్టుకోవడం అనగానే మన ఊళ్లలో చాలామంది ఆడవాళ్లు వెనకాడతారు. మొగుడి బండి మీదే, అత్తమామలున్న వీధి దాటేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. నాకు అర్థమవుతుంది. కానీ వీధి చివర గుంతకు ఆ సంగతి తెలియదమ్మా. తుంటి మీద అరచెయ్యి ఆనించడం కౌగిలించుకోవడం కాదు, అది కుర్చీ చెయ్యి పట్టుకున్నంత మామూలు పని. ఆ మాట అత్తమ్మలకూ చెప్పండి. ఇక మరిది బండి మీదో, ఆఫీసులో తోటి మనిషి బండి మీదో, బైకు టాక్సీ మీదో పోతుంటే నడుము పట్టుకోవడం కుదరదు. అప్పుడు రెండు చేతులూ సీటుకు పక్కనుండే రాడ్డు మీద, తుంటికి దగ్గరగా, మోచేతులు కొంచెం వంచి పెట్టండి. చేతులు వీపు వెనక్కి పోకుండా పక్కనే ఉంటే బ్రేకు పడ్డప్పుడు కూడా బలం ఉంటుంది. దానితోపాటు కాళ్లు నొక్కి ఉంచి, "మెల్లగా పోనీయండి" అని ముందే చెప్పండి. చెప్పడానికి మొహమాటపడొద్దు.

రాడ్డు గురించే ఇంకో మాట. వెనక కూర్చునేవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టులు, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని కనీసం సగమైనా కప్పే అడ్డు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. కొత్త బండి కొన్న కుర్రాళ్లు మొదట పీకేది ఆ చీర గార్డునే, అందం పోతుందని. మీ బండికి ఉందో లేదో చూడండి. లేకపోతే మెకానిక్ దగ్గర బిగించుకోండి. రాడ్డును చేత్తో పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. కదిలితే బోల్టులు వదులైనట్టు. వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉండి, రాడ్డుకు బదులు సీటు మీద అడ్డంగా ఒక పట్టీ మాత్రమే ఉండే బండ్లు వస్తున్నాయి. ఆ పట్టీని నమ్ముకుని ఘాట్ ఎక్కొద్దు.

స్పీడ్ బ్రేకర్లు. నడిపే మనిషి రెండు చక్రాల మధ్యలో కూర్చుంటాడు, మనం దాదాపు వెనక చక్రం మీదే కూర్చుంటాం. అందుకే అదే దిబ్బ ఆయనకు కుదుపు, మనకు ఎగురు. రోడ్ల ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 25 వేగంలో దాటేటట్టు. మన ఊళ్ల ముందర వేసేవి అడుగున్నర వెడల్పులో గోడలాగా లేపుతారు, సున్నం గీత కూడా ఉండదు. దాటేటప్పుడు పాదాల మీద బరువు వేసి, మోకాళ్లు కొంచెం వంచి, సీటు నుంచి బెత్తెడు లేవండి. దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి, నడుముకు తగలదు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇది చాలా పెద్ద మేలు. గర్భిణులకు మాత్రం ఈ కిటుకు చెప్పను, వాళ్లు బండి మానుకుని ఆటోలో పోవడమే మేలు.

అయితే బ్రేకర్ వస్తోందని వెనకవాళ్లకు తెలియాలి కదా. మీ ఆయన వీపు వెనక తల దాచుకుని కూర్చోకుండా, ఆయన భుజం మీదుగా రోడ్డు చూడండి. హెల్మెట్లు ఒకదానికొకటి తగలకుండా జానెడు దూరం ఉంచండి. మలుపులో బండి ఏ పక్కకు వంగితే ఆ పక్క భుజం మీదుగా చూస్తే చాలు, ఒళ్లు దానంతట అదే బండితో వంగుతుంది. భయపడి రెండో పక్కకు వాలితే బండిని మలుపు నుంచి బయటికి తోసినట్టవుతుంది. అక్కడ ఎదురుగా వచ్చేవి లారీలు.

మీ ఆయనకు కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ పట్టు సగం ఆయన చేతుల్లోనే ఉంది. వెనక మనిషి ఉంటే ముందు చక్రం తేలికవుతుంది, వెనక చక్రం బరువవుతుంది. వెనక టైరులో గాలి ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని బండి పుస్తకంలో వేరువేరుగా రాసి ఉంటుంది, ఇద్దరి లెక్కే పెట్టించమనండి. వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగును ఒకటి రెండు మెట్లు బిగించుకుంటే స్పీడ్ బ్రేకర్ మీద దిగబడదు. క్లచ్ ఒక్కసారిగా వదలొద్దు, బ్రేకు రెండూ కలిపి మెల్లగా నొక్కుతూ పోవాలి. బ్రేకర్ కనబడగానే "దిబ్బ" అని ఒక్క మాట అనమనండి. మీరు ఆయన తొడ మీద ఒకసారి తడితే మెల్లగా పోవాలని, రెండుసార్లు తడితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. గాలిలో, హెల్మెట్లో మాటలు వినబడవు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా ఆయన రెండు కాళ్లూ నేల మీద పెట్టి, బ్రేకు పట్టుకుని "ఊ" అన్నాకే కదలండి. ఎడమపక్క నుంచే ఎక్కి దిగండి. కుడిపక్క సైలెన్సర్ కాలుతుంటుంది.

ఇక పాప. ఇది చదివినప్పుడు నాకు భయం వేసింది. మధ్యలో పాప కూర్చుంటే మీ మోకాళ్లు ఆయన తుంటికి అందవు, ఒక చెయ్యి పాప చుట్టూ ఉంటుంది, మిగిలిన ఒక్క చెయ్యితో మీరు ఇద్దరినీ ఆపాలి. గట్టి బ్రేకుకు అది సరిపోదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ హార్నెస్, తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలని, అప్పుడు వేగం 40 దాటకూడదని కేంద్రం చేసిన నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. హార్నెస్ అంటే పాపకు తొడిగే బనియన్ లాంటిది. దాని పట్టీలు నడిపే మనిషి భుజాలకు తగిలించుకునేటట్టు ఉంటాయి, పాప ఛాతీ ఆయన వీపుకు కట్టినట్టు ఉంటుంది. ఆన్‌లైన్లో దొరుకుతుంది. 30 కిలోల దాకా ఆపగలిగేది చూసి తీసుకోండి. హార్నెస్ వేస్తే మీ రెండు చేతులూ ఖాళీ అవుతాయి, పాప పక్కల నుంచి చేతులు చాచి ఆయన తుంటి పట్టుకోవచ్చు. పాపను ట్యాంకు మీద ముందు మాత్రం కూర్చోబెట్టొద్దు, బ్రేకు పడితే మొదట హ్యాండిల్‌కు తగిలేది ఆ పసిదాని మొహమే. ఇంకొకటి, పిల్లలు బండి మీద నిద్రపోతారు. తల వాలిందంటే ఆపి, చెట్టు కింద కాసేపు కూర్చోండి.

అత్తమ్మ సంగతి. ఒకపక్కకు కూర్చుంటే మోకాళ్ల పట్టు ఉండదు, కాళ్లు ఎడమపక్కకు పొడుచుకుని ఉంటాయి, ఒళ్లు పైకి ఎగిరితే బండి కింద నుంచి ముందుకు పోతుంది. అందుకని ఇది బాగా కూర్చునే పద్ధతి అని నేను అనలేను. చుడీదార్ వేసుకునే వయసువాళ్లు రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవాల్సిందే. అరవై దాటిన మనిషిని అట్లా కూర్చోమంటే కూర్చోరు, అదీ తెలుసు. ఆమె చేయగలిగింది ఇది. సీటు అంచున కాకుండా లోపలికి జరిగి, తుంటి మొత్తం సీటు మీద ఉండేటట్టు కూర్చోవాలి. ముందువైపు ఆమె కుడిచెయ్యి ఉంటుంది, దాన్ని కొడుకు నడుము చుట్టూ పోనిచ్చి బెల్టును పట్టుకోవాలి. ఎడమచెయ్యి వెనక రాడ్డు మీద. రెండు పాదాలూ చీర గార్డుకుండే పలక మీద ఆనాలి, గాలిలో వేలాడకూడదు. చేతిలో కూరగాయల సంచి ఉండకూడదు, దాన్ని బండికి ముందు తగిలించండి. వేగం 30 దాటొద్దు. ఆటోల మధ్య సందుల్లో దూరొద్దు, మొదట తగిలేది ఆమె మోకాళ్లే.

కొంగు గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. చాలా బండ్లకు గొలుసు ఎడమవైపే ఉంటుంది, ఒకపక్కకు కూర్చున్న మనిషి చీర వేలాడేదీ ఎక్కువగా ఆ వైపే. గాలికి ఒక్కసారి చక్రంలో చిక్కితే చక్రం దాన్ని చుట్టుకుంటూ పోతుంది, మనిషిని వెనక్కి లాగేస్తుంది. చున్నీ మెడకు చుట్టుకుని ఉంటే పోయేది ప్రాణమే. కొంగును వెనక నుంచి చుట్టి ముందుకు తెచ్చి నడుములో దోపుకోవాలి. కుచ్చెళ్లు మోకాళ్ల మధ్యకు తీసి నొక్కి పట్టాలి. చున్నీని మెడ చుట్టూ కాకుండా అడ్డంగా వేసి నడుముకు ముడి వేయాలి. బురఖా వేసుకునేవాళ్లు కింది చెరగును తొడల కిందికి దోపుకుని కూర్చోవాలి. లుంగీ, పంచె కట్టుకున్న మగవాళ్లకూ ఇదే మాట. ఎప్పుడైనా గుడ్డ లాగినట్టు అనిపిస్తే వెంటనే అరవండి, నడిపే మనిషి మెల్లగా ఆపి ఇంజిన్ కట్టేయాలి. బండిని ముందుకు తోస్తే ఇంకా చుట్టుకుంటుంది. చక్రాన్ని వెనక్కి తిప్పుతూ తీయాలి, రాకపోతే కత్తిరించేయాలి. ధర్మవరం పట్టుచీరైనా సరే, కత్తిరించేయండి.

అత్తమ్మకు వేళ్లలో పట్టు తగ్గి ఉంటే, నడిపే మనిషి నడుముకు కట్టుకునే బెల్టులు వస్తాయి, రెండు పక్కలా పిడులు ఉంటాయి. వెనకవాళ్లు వాటిని పట్టుకోవచ్చు. వాతం నొప్పులున్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది, మీరూ ఒకటి తీసుకుంటే ఘాట్ దిగేటప్పుడు వాడుకోవచ్చు. పెద్దవాళ్లను నడిపేవాళ్లకు చీరతోనో తువ్వాలుతోనో కట్టేయడం మాత్రం చేయొద్దు, బండి పడితే ఇద్దరూ దాని కిందే ఇరుక్కుంటారు.

హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, ఐఎస్ఐ గుర్తున్నది, గడ్డం కింద పట్టీ బిగించి. వెనక కూర్చున్నవాళ్లకు అక్కర్లేదు అనే మాట చట్టంలో లేదు. ఒకపక్కకు కూర్చున్న మనిషి పడితే తల నేలకు తగిలే అవకాశం ఎక్కువ, అందుకని అత్తమ్మకు కూడా కొనండి.

ఈ ఆదివారం రాయచోటికి బయలుదేరేముందు, పొద్దున్నే ఖాళీగా ఉన్న గ్రౌండుకో, లేఅవుట్ రోడ్డుకో ఇద్దరూ పాప లేకుండా పోండి. 20 వేగంలో కదలడం, ఆపడం, తిరగడం, మీరు పట్టు రాడ్డు నుంచి నడుముకు మార్చడం, తట్టి సైగ చేయడం, ఇవన్నీ కాసేపు చేసి చూడండి. దారిలో చేతులు తిమ్మిరెక్కితే ఓర్చుకోవద్దు, గువ్వలచెరువులో పాలకోవా అంగళ్ల దగ్గర ఎలాగూ బండ్లు ఆగుతాయి, దిగి వేళ్లు విదిలించుకుని, పట్టు మార్చుకుని బయలుదేరండి. వాన పడుతున్నా, చీకటి పడినా, హార్నెస్ ఇంకా రాకపోయినా పాపను తీసుకుని బస్సులో పోండి, మీ ఆయనను ఒక్కరినే బండి మీద రమ్మనండి. బండికి రాడ్డు, గార్డు ఎట్లా ఉన్నాయో ఫోటో తీసి పెడితే ఏం బిగించాలో చూసి చెబుతాను.